సద్ది డబ్బాలో నానిపోని రెండంతస్తుల శాండ్‌విచ్

మొదటిసారి శాండ్‌విచ్ సద్ది కట్టుకుపోయిన రోజు నాకు బాగా గుర్తుంది. పొద్దున ఏడింటికి హడావిడిగా నాలుగు బ్రెడ్ ముక్కలు తీసి, మధ్యలో టమాట చక్రాలు, కీరా, ఇడ్లీకి చేసిన చట్నీలో మిగిలింది వేసి, డబ్బాలో కుక్కి, కాజీపేటలో రైలెక్కాను. జనగామ దగ్గర మా బడి. మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో మూత తీస్తే పై బ్రెడ్ చేతికొచ్చింది, కింద బ్రెడ్ డబ్బాకే అంటుకుపోయింది. మధ్యలోని టమాట ముక్కలు చట్నీలో ఈదుతున్నాయి. పక్క సీటు మేడం తొంగి చూసి, "ఉప్మానా మేడం?" అంది. చెంచాతో తిన్నాను, ఏం చేస్తాను మరి.

ఆ తర్వాత చాలా ఆదివారాలు ఇదే పని పెట్టుకున్నాను. తేలిందేమిటంటే, శాండ్‌విచ్‌ను పాడుచేసేవి నీళ్లు. కూరగాయల్లో నీళ్లు, చట్నీలో నీళ్లు, వేడి ఆలుగడ్డ నుంచి లేచే ఆవిరి. బ్రెడ్ స్పాంజి లాంటిది, దొరికిన తడినంతా పీల్చేసుకుంటుంది. ఏ తడి ఎక్కడుంది, దాన్ని బ్రెడ్ దాకా పోకుండా ఏది ఆపుతుంది అని చూసుకుంటే చాలు, ఏ పొర తర్వాత ఏది పెట్టాలో దానంతటదే తెలిసిపోతుంది. పొద్దున ఏడున్నరకు కట్టింది ఒంటిగంటకు విప్పినా నిటారుగా నిలబడే శాండ్‌విచ్ ఎలా చేయాలో చెప్తాను. ఇద్దరికి సరిపడా లెక్క.

కావలసినవి: బ్రెడ్ ముక్కలు ఆరు, ఆలుగడ్డలు మధ్యరకానివి మూడు (350 గ్రాములు), కోడిగుడ్లు నాలుగు, పల్లీలు అర కప్పు, చిక్కటి పెరుగు పావుకిలో, కీరా ఒకటి, ఉల్లిగడ్డలు రెండు, చీజ్ ముక్కలు రెండు, వెన్న 40 గ్రాములు. పచ్చిమిర్చి, కొత్తిమీర, అల్లం, ఎల్లిగడ్డ, నిమ్మకాయ, పసుపు, జీలకర్ర, ధనియాల పొడి, కారం, నూనె ఇంట్లో ఉండేవే. డబ్బాలో పెట్టడానికి బటర్ పేపర్ తెచ్చుకోండి, ఒక చుట్ట తెస్తే నెలలకు నెలలు వస్తుంది.

బ్రెడ్ సంగతి

ప్యాకెట్లో సన్నగా కోసి వచ్చే తీపి బ్రెడ్ ఈ పనికి రాదు. రెండు అంతస్తుల బరువు మోయలేదు. హన్మకొండలో అయినా వరంగల్‌లో అయినా, మీ వీధి చివర ఏదో ఒక బేకరీ ఉంటుంది కదా, అక్కడ కోయని బ్రెడ్ అడగండి. మిషన్లో కోసి ఇస్తామంటే "మందంగా కోయండి" అని చెప్పండి. ముక్క మీ చిటికెన వేలంత మందం ఉండాలి. ఇంకో మాట, వేడివేడిగా పొయ్యిలోంచి తీసిన బ్రెడ్ వాసనకు పడిపోకండి. శాండ్‌విచ్‌కు నిన్నటి బ్రెడ్డే మేలు. కాస్త గట్టిపడి ఉంటుంది, కోస్తే నలగదు, వెన్న రాస్తే చిరగదు.

మిగిలిన బ్రెడ్‌ను ఫ్రిజ్‌లో పెట్టే అలవాటుంటే మానుకోండి. ఫ్రిజ్ చల్లదనానికి బ్రెడ్ బయటికంటే తొందరగా ఎండినట్టు అయిపోతుంది. రెండు రోజుల్లో తినేదైతే బయటే పెట్టండి, ఇంకా ఎక్కువ రోజులుంటే ఫ్రీజర్లో పెట్టండి. మామూలు అరలో మాత్రం వద్దు.

ముందు రోజు రాత్రి చేసుకునేవి

రాత్రి అన్నాలు తిన్నాక అరగంట కేటాయిస్తే పొద్దున టెన్షన్ ఉండదు.

పెరుగును పలుచటి నూలుబట్టలో మూటకట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి, మొత్తం ఫ్రిజ్‌లో పెట్టేయండి. తెల్లారేసరికి పావుకిలో పెరుగు దాదాపు సగమై, వేలితో తీస్తే నిలబడేంత గట్టిగా అవుతుంది. గిన్నెలో దిగిన నీళ్లు పారబోయకండి, చపాతీ పిండి కలపడానికి బాగుంటాయి. మయోనీజ్ ఉండగా ఈ తిప్పలెందుకు అంటారా? 2024 అక్టోబర్ చివర్లో మన తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనీజ్‌ను ఏడాది పాటు నిషేధించింది, దాన్ని తిన్నవాళ్లకు ఫుడ్ పాయిజనింగ్ అవుతోందని. గుడ్డు లేని సీసాలు దుకాణాల్లో దొరుకుతాయి, కాదనను. కానీ ఐదారు గంటలు డబ్బాలో మగ్గే సద్దికి పెరుగు పులుపే నాకు నచ్చింది, పైగా ఇంట్లో చేసిందే.

ఇక పల్లీ చట్నీ. ఇక్కడే అందరూ తప్పు చేసేది. ఇడ్లీ చట్నీలా చేస్తారు. దీనికి నీటి చుక్క తగలకూడదు. పల్లీలను సన్నని మంట మీద ఓపికగా వేయించండి, పొట్టు నలిపితే ఊడిపోవాలి. చల్లారాక పొట్టు ఊదేసి, రెండు పచ్చిమిర్చి, గుప్పెడు కొత్తిమీర, ఒక ఎల్లిగడ్డ రెబ్బ, ఉప్పు వేసి మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. కొత్తిమీరను కడిగి గంట ముందే బట్ట మీద ఆరబెట్టుకోండి, లేకపోతే నీళ్లు అటునుంచి దొంగతనంగా వచ్చేస్తాయి. మొదట పొడిపొడిగా ఉంటుంది. భయపడి నీళ్లు పోయొద్దు. ఇంకో రెండుసార్లు తిప్పి, గిన్నె అంచులకు అంటుకున్నది చెంచాతో కిందికి తోసి, మళ్లీ తిప్పండి. పల్లీల నూనె దిగి ముద్దలా అవుతుంది. చివర అర నిమ్మచెక్క పిండండి, చాలు. చెంచా బోర్లిస్తే చట్నీ కింద పడకూడదు. అదే గుర్తు.

ఆలుగడ్డలు పొట్టుతోనే కుక్కర్లో మూడు విజిళ్లు రానిచ్చి, ఆవిరి పోయాక తీసి పక్కన పెట్టేయండి. రాత్రి పని అయిపోయింది.

కారం గురించి కాస్త

గట్టి పెరుగులో నేను కలిపేది చపాట మిర్చి కారం. మన దగ్గర పండే గుండ్రటి మిర్చి అది, పండితే టమాటలా ఎర్రగా ఉంటుంది, అందుకే టమాట మిర్చి అని కూడా అంటారు. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో వరంగల్ చపాట మిర్చికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. సీజన్లో వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్ వైపు పోతే దారంతా తుమ్ములే, కానీ ఆ ఘాటు వేరే రకాలది. చపాట కారం చెంచా నిండా వేసినా పెరుగు గులాబీ రంగులోకి తిరుగుతుందే తప్ప నోరు మండదు. పిల్లలు కూడా తింటారు. అది దొరక్కపోతే ఇంట్లో కారమే వాడండి, కానీ చెంచా కాదు, పావు చెంచాతో మొదలుపెట్టండి. దీంట్లోకి ఎల్లిగడ్డ ఒక రెబ్బ తురిమి, ఉప్పు వేసి కలపండి.

పొద్దున: ఆలుగడ్డ, ఆమ్లెట్, కీరా

ఆలుగడ్డలు పొట్టు తీసి చేత్తో చిదమండి, మరీ మెత్తగా కాకుండా అక్కడక్కడ పలుకులు తగలాలి. మూకుడులో రెండు చెంచాల నూనె వేసి, జీలకర్ర చిటపటలాడాక, సన్నగా తరిగిన ఒక ఉల్లిగడ్డ, రెండు పచ్చిమిర్చి, అల్లం తురుము వేయండి. ఉల్లిగడ్డ బంగారు రంగుకొచ్చాక పసుపు, అర చెంచా ధనియాల పొడి, ఉప్పు, ఆలుగడ్డ వేసి, మూత పెట్టకుండా కలుపుతూ ఉండండి. మూత పెడితే ఆవిరి మళ్లీ దాంట్లోకే దిగుతుంది. మూకుడుకు అంటుకోకుండా ముద్దంతా ఒక్కటిగా కదులుతున్నప్పుడు దించేసి, వెడల్పాటి పళ్లెంలో పరచండి. చల్లారాలి. వేడిది వేడిదిగా బ్రెడ్ మధ్య పెట్టారంటే నా మొదటిరోజు కథే మీకూ.

అది చల్లారేలోపు కీరా. దీన్ని సన్నటి చక్రాలుగా తరిగి, చిటికెడు ఉప్పు చల్లి, జల్లెడలో పది నిమిషాలు వదిలేయండి. ఉప్పు తగలగానే కీరా చెమటలు పడుతుంది. తర్వాత పొడి తువ్వాలలో వేసి పైనుంచి అరచేత్తో అద్దండి. ఒక్క కీరాకు తువ్వాల తడిసిపోతుంది చూడండి, ఆ నీళ్లన్నీ లేకపోతే మీ బ్రెడ్‌లో ఉండేవి. రెండో ఉల్లిగడ్డను చక్రాలుగా కోసి నిమ్మరసం చుక్కలేసి పక్కన పెట్టండి. రైల్లోనో బస్సులోనో పోయేవాళ్లయితే పచ్చి ఉల్లిగడ్డ మానేయడం మంచిది, డబ్బా మూత ఎంత గట్టిగా పెట్టినా పక్కవాళ్లకు మీ సద్ది ఏంటో తెలిసిపోతుంది.

టమాట సంగతి ఒక్క మాటలో చెప్పేస్తా. ఇంట్లో చేసి ఇంట్లోనే తింటే వేసుకోండి, గింజలు, గుజ్జు తీసేసి. డబ్బాకు మాత్రం వద్దు. ఎంత అద్దినా అది ఊరుతూనే ఉంటుంది.

ఆమ్లెట్ ఒక్కో శాండ్‌విచ్‌కు రెండు గుడ్లతో. గుడ్లు ఉడకబెట్టి చక్రాలుగా కోసి పెట్టొచ్చు కానీ, కొరికినప్పుడల్లా పచ్చసొన ఒళ్లో రాలుతుంది. ఆమ్లెట్ అయితే పరిచిన చాపలా ఒక్కటిగా ఉంటుంది, పైన తడి కూడా కిందికి దిగనివ్వదు. దీన్ని చతురస్రంగా మడవడం ఒక చిన్న విద్య. రెండు గుడ్లు, ఉప్పు, మిరియాల పొడి బాగా గిలక్కొట్టి, నూనె రాసిన వెడల్పాటి పెనం మీద పలుచగా పోయండి. మంట తగ్గించండి. కింద గట్టిపడి, పైన ఇంకా కాస్త తడిగా ఉన్నప్పుడు, మధ్యలో బ్రెడ్ ముక్కంత చోటు కళ్లతో కొలుచుకుని, ఎడమ అంచును లోపలికి మడవండి, తర్వాత కుడి అంచు, తర్వాత పైది, చివరికి మీ వైపున్నది. ఉత్తరం కవరు మడిచినట్టన్న మాట. అట్లకాడతో ఒకసారి నొక్కి తిరగేసి, ఇంకో నిమిషంన్నర ఉంచండి. సద్దికి పెట్టే గుడ్డు లోపల పూర్తిగా ఉడకాలి, జారుడుగా ఉండే ఆమ్లెట్ ఇంట్లో పళ్లెంలో తినేటప్పటి ముచ్చట. మొదటి రెండు మూడు ఆమ్లెట్లు వంకరగా వస్తాయి, రానీయండి, ఎలాగూ లోపలే ఉంటాయి.

బ్రెడ్ కాల్చడం

దీంట్లో ఒక కిటుకు ఉంది. అందరూ బ్రెడ్‌ను రెండువైపులా కాల్చి పెడతారు. అలా చేస్తే మధ్యాహ్నానికి బయటి వైపు తోలులా సాగుతుంది. కింది ముక్కనూ పై ముక్కనూ ఒక్కవైపే, అంటే లోపలికి వచ్చే వైపే, సన్నని మంట మీద పెనం పైన నూనె లేకుండా రెండు నిమిషాలు కాల్చండి. మధ్య ముక్కను మాత్రం రెండువైపులా. లోపలి వైపు గట్టి పొరలా తయారై తడిని కొంత ఆపుతుంది, బయటి వైపు మెత్తగానే ఉండి పంటికి హాయిగా ఉంటుంది.

కాల్చిన ముక్కలను ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు. పళ్లెంలో పడేయొద్దు కూడా, కింద చెమ్మ పడుతుంది. రెండేసి ముక్కలను పేకమేడలా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టండి. అటూ ఇటూ గాలి తగిలి మూడు నాలుగు నిమిషాల్లో చల్లారతాయి.

పేర్చడం

మెత్తబడిన వెన్నను కాల్చిన వైపు అంచుల దాకా రాయండి. మధ్యలో ఇంత పెట్టి వదిలేయడం కాదు, మూలలు కూడా కప్పాలి. వెన్న రుచికి మాత్రమే అనుకోకండి. నెయ్యి రాసిన గిన్నె మీద నీళ్లు ఎలా జారిపోతాయో, వెన్న రాసిన బ్రెడ్‌లోకి తడి అలా దిగకుండా ఉంటుంది. బొంబాయిలో రోడ్డు పక్కన శాండ్‌విచ్ అమ్మేవాళ్లు ముందు వెన్న, ఆ పైనే ఆకుపచ్చ చట్నీ రాస్తారు, ఆ వరస ఊరికే రాలేదు.

ఇప్పుడు కింద నుంచి పైకి వరసగా పేర్చండి. కింది బ్రెడ్, వెన్న, దానిమీద పల్లీ చట్నీ. పైన ఆలుగడ్డ ముద్దను వేలు మందాన, అంచులకు కాస్త దూరంలోనే ఆపండి, నొక్కితే అదే పాకుతుంది. దానిమీద రెండువైపులా వెన్న రాసిన మధ్య బ్రెడ్. అక్కడితో మొదటి అంతస్తు అయింది.

మధ్య బ్రెడ్ మీద ఆమ్లెట్ పెట్టండి. ఆమ్లెట్ మీద కారం కలిపిన గట్టి పెరుగు, దానిమీద కీరా చక్రాలు చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి సగం ఎక్కేలా, తర్వాత ఉల్లిగడ్డ. వాటిపైన చీజ్ ముక్క మూతలా. ఆపైన వెన్న, పల్లీ చట్నీ రాసిన పై బ్రెడ్‌ను కాల్చిన వైపు లోపలికి వచ్చేలా బోర్లించండి. తడి ఉన్న పెరుగు, కీరా, ఉల్లిగడ్డ మూడూ కింద ఆమ్లెట్‌కూ పైన చీజ్‌కూ మధ్య ఇరుక్కున్నాయి చూడండి, ఏ వైపు బ్రెడ్‌కూ ఆనలేదు. చీజ్ వద్దనుకుంటే పై బ్రెడ్‌కు వెన్న ఇంకాస్త మందంగా రాయండి.

ఇలా ఉన్నప్పుడు అరచేయి వెడల్పుకు తక్కువ కాకుండా ఎత్తుంటుంది, నోట్లో పట్టదు. బటర్ పేపర్‌ను రెండుసార్లు బిగుతుగా చుట్టి, చివర్లు లోపలికి మడిచి, పైన కిలో కందిపప్పు ప్యాకెట్ పది నిమిషాలు పెట్టండి. ఆలోపు మీరు తయారవండి. పొరలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని, మూడో వంతు ఎత్తు తగ్గుతుంది. తర్వాత పేపర్‌తో సహా, రంపం పళ్ల కత్తితో, నొక్కకుండా ముందుకీ వెనక్కీ లాగుతూ రెండుగా కోయండి. త్రికోణాలుగా కోస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ డబ్బాలో మొనలు వంగిపోతాయి, నేను నిలువుగానే కోస్తాను. కోసిన వైపు పైకి వచ్చేలా డబ్బాలో నిలబెట్టండి. తినేటప్పుడు పేపర్‌ను కొంచెం కొంచెంగా విప్పుతూ తింటే చేతులకూ అంటదు.

మా అత్తమ్మకు ఇది మొదటిసారి ఇచ్చినప్పుడు అటూ ఇటూ తిప్పి చూసి, "గిది తింటే మాపటిదాంక ఆగుతదా బిడ్డా?" అని అడిగింది. అన్నం తినకపోతే తిన్నట్టే ఉండదు ఆమెకు. ఆగుతుంది. రెండు గుడ్లలోనే 12 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పల్లీలు, పెరుగు, చీజ్, బ్రెడ్ కలిపితే ఒక్క శాండ్‌విచ్‌లో 25 గ్రాములు దాటుతుంది, ఆలుగడ్డ బరువు వేరే. సగం తినేసరికి ఆమెకు కడుపు నిండింది, మిగతా సగం సాయంత్రం టీతో తిన్నది.

ఎండాకాలం, గుడ్డు తినని రోజులు

మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు కాబట్టి నేను మధ్యాహ్నానికి ఇల్లు చేరి తింటాను. ఆఫీసులకు పోయేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిలో గుడ్డు, పెరుగు, ఉడికిన ఆలుగడ్డ గంటల తరబడి డబ్బాలో ఉండటం మంచిది కాదు. 32 డిగ్రీలు దాటిన వేడిలో ఇలాంటి పదార్థాలను గంటకు మించి బయట పెట్టొద్దంటారు. చిన్న నీళ్ల సీసాను రాత్రే ఫ్రీజర్లో గడ్డకట్టించి, డబ్బాతో పాటు ఒకే సంచిలో ఆనించి పెట్టి, చుట్టూ మందపాటి తువ్వాల చుట్టండి, ఆఫీసు చేరగానే డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఫ్రిజ్ లేని చోటైతే ఆ రెండు నెలలు పెరుగు, గుడ్డు, ఆలుగడ్డ మూడూ మానేసి, వెన్న, పల్లీ చట్నీ, బాగా అద్దిన కీరాతో సరిపెట్టుకోండి. చికెన్ వేసుకుందామనే ఆలోచన అస్సలు వద్దు.

శనివారాలు మా ఇంట్లో గుడ్డు ముట్టరు. ఆ రోజు ఆమ్లెట్ బదులు శనగపిండి అట్టు వేస్తాను. అర కప్పు శనగపిండిలో ఉప్పు, పసుపు, వాము, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి, దోశ పిండి కంటే కొంచెం చిక్కగా నీళ్లతో కలిపి, గడ్డలు లేకుండా చూసుకుని, పెనం మీద పరిచి రెండువైపులా కాల్చాలి. ఇది ఆమ్లెట్‌లా మడతకు రాదు, విరుగుతుంది. కాబట్టి గుండ్రంగా పోయకుండా గంటె వెనకవైపుతో ముందే చతురస్రంగా పరచండి. మిగతా పొరలన్నీ అదే వరస. అత్తమ్మకు ఈ శనివారపు శాండ్‌విచ్చే ఎక్కువ నచ్చింది. ఉల్లిగడ్డ మాత్రం రెండింతలు వేయమంటుంది, ఆమె రైలెక్కేది లేదు కదా.